ప్రమీలక్క నమిలిన బియ్యం

మీ ఇంట్లో వస్తువు పోతే మొట్టమొదట ఎవరి ముఖం వైపు చూస్తారు? తడుముకోకుండా చెప్పండి. బీరువా వైపు కాదు, తీసి ఉన్న కిటికీ వైపు కాదు. అంట్లు తోమే మనిషి ముఖం వైపే చూస్తారు. మా ఇంట్లోనూ అంతే జరిగింది.

మొన్న మోండా మార్కెట్‌లో బియ్యం పాతవో కొత్తవో చూద్దామని నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాను. పచ్చి బియ్యపు పిండి నాలుకకు అంటగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. కొట్టతను కంగారుపడ్డాడు. "ఏందమ్మా, రాయి తగిలిందా? మా బియ్యంల రాళ్లుండయి." రాళ్లు లేవు, బియ్యం మంచివే. గుర్తొచ్చింది ప్రమీలక్క.

మౌలాలిలో మా పక్క వాటాలో ఉండేది. రైల్వేలో టెలిఫోన్ ఆపరేటరు. ఒంటరి మనిషి. మా అమ్మ వయసే అయినా కాలనీలో చిన్నా పెద్దా అందరికీ అక్కే. ఎవరేం చెప్పినా ఆమె అడిగే ప్రశ్న ఒక్కటే: "నీకెట్ల తెల్సు?" గ్రహణం రోజున వాకిట్లో కూర్చుని అందరూ చూసేలా జామకాయ తినేది. "ప్రమీలక్క దేవుడొచ్చినా రేషన్ కార్డు అడుగుతది" అని కాలనీలో నవ్వుకునేవాళ్లు. ఆ మాట విని ఆమే అందరికంటే గట్టిగా నవ్వేది.

నేను డిగ్రీ చదువుతున్న రోజుల్లో అమ్మ నల్లపూసల గొలుసు పోయింది. నాన్న రైల్వే ఉద్యోగం కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. ఆ గొలుసు అమ్మకు వాళ్లమ్మ ఇచ్చినది. రోజంతా ఏడ్చింది. మర్నాడు పక్క బస్తీ నుంచి మంత్రించిన బియ్యం పెట్టే మనిషిని పిలిపించింది. ఆ బియ్యం నమిలితే దొంగ నోట్లో పొడిగానే ఉండిపోతాయట, నిర్దోషి నోట్లో తడుస్తాయట. నమలడానికి పిలిచింది ఒక్కరినే. మా ఇంట్లో అంట్లు తోమే యాదమ్మను.

యాదమ్మ వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. చుట్టూ ఇరుగుపొరుగు. మంత్రగాడు పసుపు కలిపిన బియ్యం పిడికిట్లోకి తీసుకున్నాడు. అప్పుడు ప్రమీలక్క డ్యూటీ చీరలోనే లోపలికి వచ్చింది.

"ఏంది వదినె, ఇంట్ల ఇంతమంది ఉంటే యాదమ్మ ఒక్కదానికేనా ఆకలి?"

"నువ్వూరుకో వదినా," అంది అమ్మ. "గొలుసు పోయింది నాది. ఇది కాకపోతే ఇంకెవలు తీస్తారేటి?"

"నీకెట్ల తెల్సు?"

ప్రమీలక్క యాదమ్మ పక్కన నేల మీద చతికిలబడి, మంత్రగాడి ముందు చెయ్యి చాపింది. "మొదలు నాకు పెట్టు." అతను తటపటాయించి పెట్టాడు. నమిలింది. అరచేతిలోకి ఊసి అందరికీ చూపించింది. బియ్యం పొడిపొడిగా ఉన్నాయి.

"సూడుండ్రి, ఎండినయి. నేనేనా దొంగను? ఇంతమంది నిలబడి దొంగ దొంగ అని సూస్తుంటే ఎవరి నోట్ల తడి ఉంటది?"

మంత్రగాడు తువ్వాలు దులుపుకుని బయటికి నడిచాడు. "లే వదినె, ఠాణాకు పోదాం," అని ప్రమీలక్క అమ్మ చెయ్యి పట్టుకుని లేపింది.

నేనూ వాళ్ల వెంట బయల్దేరాను. దారిలో అమ్మ కోపంగా ముందు నడుస్తోంది. ప్రమీలక్క వెనక్కి తగ్గి నన్ను నీళ్లడిగింది. నా సంచిలోని సీసా ఇస్తే గటగటా తాగేసింది.

"కావాలనే ఎండబెట్టావు కదక్కా?" అన్నాను మెచ్చుకోలుగా.

"కావాలని బంద్ చేసెటందుకు నోరేమన్న నల్లానా? నిజంగనే ఎండింది." సీసా మూత బిగిస్తూ చెప్పింది. "మా అమ్మ సుత ఇండ్లల్ల బాసన్లు తోమేది. వెండి గిన్నె పోయిందని గిట్లనే బియ్యం పెట్టిండ్రు. భయానికి మా అమ్మ నోరు ఎండింది. తెల్లారినుంచి ఆ గల్లీల ఎవ్వరు పని ఇయ్యలె. గిన్నె ఆళ్ల అటుక మీదనే దొరికింది. గా సంగతి మా అమ్మకు చెప్పనీకి ఒక్కరు సుత రాలె."

దేనికీ భయపడదని నేననుకున్న మనిషి, అంతసేపూ భయపడుతూనే అక్కడ కూర్చుందని అప్పుడు తెలిసింది.

స్టేషన్‌లో ఫిర్యాదులు రాసుకునే రైటర్ కాగితం ముందుకు తోసి అడిగాడు. "ఎవరి మీద అనుమానం అమ్మా?"

అమ్మ నోరు తెరవబోయింది. ప్రమీలక్క అందుకుంది. "వదినె, తీస్తుంటే నువ్వు సూసినవా?"

"సూడలేదు గానీ..."

"గానీ కాడ ఆపు. అటెన్కది మనకు తెల్వదు."

"పేరు చెప్పకుంటే మేం ఎవర్ని పట్టుకోవాలె?" అని విసుక్కున్నాడు రైటర్.

"పేరు సుత మేమే చెప్తే ఇంక మీరెందుకు సార్?"

అతను నవ్వేశాడు. ఫిర్యాదు నేను రాశాను, ప్రమీలక్క పక్కన కూర్చుని అడుగుతూ పోయింది. గొలుసు చివరిసారి ఎప్పుడు వేసుకుంది, లేదని ఎప్పుడు తెలిసింది, ఎలా ఉంటుంది, ఆ మధ్యలో ఇంట్లోకి ఎవరెవరు వచ్చారు. వచ్చినవాళ్లలో యాదమ్మను దాచలేదు, గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషినీ మా మేనమామనూ కూడా దాచలేదు. "అనుమానం ఉంటే రాయొచ్చు బిడ్డా. ఎందుకో సుత రాయాలె. పేదది అన్నది కారణం కాదు. ఒక్కసారి పేరు రాస్తే ఈ పొద్దే తోల్కపోతరు. రేపు గొలుసు దొరికినా, ఆ పేరు కడగనీకి ఏ సబ్బు సరిపోదు."

ఆ ఫిర్యాదు మీదే ఎఫ్ఐఆర్ నమోదైంది. ఎఫ్ఐఆర్ అంటే మొదట అందిన సమాచారం. తీర్పు కాదు, నిందితుడి జాతకం అంతకన్నా కాదు. దర్యాప్తు అక్కడ మొదలవుతుంది, అక్కడ ముగిసిపోదు. చదువుకున్న ఇళ్లలోనే ఇంత చిన్న విషయం తెలియకపోవడం సిగ్గుచేటు. దాని నకలు ఉచితంగా ఇవ్వాలని కూడా ఆ రోజే తెలిసింది. ప్రమీలక్క అడిగి తీసుకుని, అమ్మ చేతిలో పెట్టింది.

ఎస్సై ఇంటికొచ్చి బీరువా, కిటికీ చూశాడు. నాన్నతో సహా అందరినీ అవే ప్రశ్నలు అడిగాడు. యాదమ్మను అడిగేటప్పుడు ప్రమీలక్క ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పక్కన నిలబడింది. తాకట్టు దుకాణాల్లోనూ వాకబు చేశారు. గొలుసు దొరకలేదు. అబద్ధమాడి ఈ జ్ఞాపకానికి అందమైన ముగింపు పెట్టలేను. చాలాకాలం తర్వాత, దొంగ ఆచూకీ తెలియలేదని స్టేషన్ నుంచి కాగితం వచ్చింది.

"ఈ మాత్రం దానికేనా తిరిగింది?" అని అమ్మ నిట్టూర్చింది.

"తెల్వదని రాసిండ్రు గద వదినె. మంత్రగాడు ఎన్నడన్న గా మాటన్నడా?"

యాదమ్మకు క్షమాపణ చెప్పడం అమ్మకు చేతకాలేదు. కానీ ఆ వేసవిలో ఊరికి బయల్దేరుతూ ఇంటి తాళంచెవి తీసుకెళ్లి యాదమ్మ చేతిలో పెట్టింది. "మేం వచ్చీదాకా ఇల్లు సూసుకో యాదమ్మా" అంది. యాదమ్మ ఆ తాళంచెవిని కొంగున ముడేసుకుంది. ప్రమీలక్క ఇదంతా గోడ అవతల నుంచి చూస్తూ, ఎప్పుడూ లేనిది, ఏ ప్రశ్నా అడగలేదు.

ఆమె ఇప్పుడు లేదు. నేను మల్కాజ్‌గిరిలో ఉంటున్నాను. ఫిర్యాదు రాసిపెట్టమని ఇరుగుపొరుగు వస్తే రాసిస్తాను. వాళ్లు "చూడలేదు గానీ" అనగానే నా కలం ఆగుతుంది. అక్కడ ఆగినందుకు నన్ను తిట్టినవాళ్లున్నారు. అప్పుడు నా నోరూ ఎండుతుంది. ఎండినా ఫరవాలేదని నాకు తెలుసు.

రేపు మీ ఇంట్లో ఏదైనా పోతే స్టేషన్‌కు వెళ్లండి. చూసింది రాయండి, చూడనిది రాయకండి. చదివి సంతకం పెట్టండి, నకలు అడిగి తీసుకోండి. మీ కళ్లముందు ఎవరైనా ఒక పేదరాలి నోట్లో బియ్యం పెట్టబోతే, పక్కన కూర్చోండి. ముందు మీ చెయ్యి చాపండి.