ఈశాన్యంలో కరెంటు డబ్బా

నా స్థలంలో ఈశాన్యం మూల కరెంటు డబ్బా పెట్టారు. నన్ను అడగలేదు. నాకు చెప్పలేదు. ఒక మంగళవారం ఉదయం వెళ్ళి చూసేసరికి ఉంది.

ఆకుపచ్చ రంగు ఇనప డబ్బా. నా నడుమెత్తు ఉంటుంది. కింద సిమెంటు దిమ్మె. ఇక్కడ కరెంటు తీగలు భూమిలోంచి వస్తాయి. నాలుగైదు ఇళ్ళకు ఒకటి చొప్పున ఇలాంటి డబ్బా పెట్టి, అందులోంచి పంచుతారు. పంచితే పంచారు, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈశాన్యం నీటి మూల. అక్కడ ఖాళీగా, పల్లంగా, తేలిగ్గా ఉండాలి. నిప్పు ఉండాల్సింది ఆగ్నేయంలో. కరెంటు నిప్పు కాకపోతే మరేమిటి?

నేను బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా పని దగ్గర నేర్చుకున్నదే. పదమూడో ఏట ఒక తాపీమేస్త్రీ దగ్గర చేరాను. రసమట్టం, మూలమట్టం, తాడూ గుండూ ఆయన చేతిలో చూసి నేర్చుకున్నాను. ముగ్గు పోయకముందు ఆయన స్థలానికి ఈశాన్యంలో నిలబడి కళ్ళు మూసుకునేవాడు. ఎందుకని అడిగితే, ‘ఈ మూల చెడితే ఇంకెక్కడ సరిచేసినా లాభం లేదురా’ అనేవాడు. మా ఆవిడ నర్సు. ఉద్యోగం మీద ముందు తను ఈ దేశం వచ్చింది, వెనక నేను వచ్చాను. న్యూజెర్సీలో ఐసెలిన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఇరవై ఆరేళ్ళు మెయింటెనెన్స్ పని చేశాను. పరాయివాళ్ళ కుళాయిలు, పరాయివాళ్ళ తలుపులు, పరాయివాళ్ళ బాత్రూములు. ఇద్దరం రిటైరయ్యాక, కాస్త నేల దొరుకుతుందని తెలిసి, ఆర్కాన్సాలో బెంటన్‌విల్ వచ్చాం. సొంత ఇల్లు ఇక్కడ మొదలుపెట్టాను. అది లేచేదాకా అద్దె ఇంట్లో, పై అంతస్తులో.

స్థలం కొనడానికి నన్ను ఒప్పించిందే ఆ డబ్బా. ఇది రాసిపెట్టుకోవాలి. అమ్మేటప్పుడు చూపించిన పటంలో డబ్బా గుర్తు ఆగ్నేయం మూల ఉంది. తూర్పున రోడ్డు, దక్షిణం వైపు డబ్బా. నేను ఇత్తడి దిక్సూచి నేల మీద పెట్టి చూసుకున్నాను. ఎవరో పుణ్యాత్ముడు తనకు తెలియకుండానే శాస్త్రప్రకారం గీశాడు, ఈ స్థలం మనదే అన్నాను మా ఆవిడతో.

“డబ్బాని చూసి స్థలం కొనేవాళ్ళు మీరొక్కరే” అంది.

బిల్డర్‌తో ఒప్పందం నలభై ఒక్క పేజీలు. పక్కన నిఘంటువు పెట్టుకుని పదకొండు రోజులు చదివాను. సైట్ సూపర్‌వైజర్ అమెరికన్, మాటకు రెండు సార్లు సర్ అంటాడు. అంత మర్యాద ఎందుకో అని అప్పుడే అనుకున్నాను. ఆ ఇంటి ప్లాన్‌లో నాకు నచ్చనిది ఒక్కటే. కారు పెట్టుకునే గరాజ్ సరిగ్గా ఈశాన్యంలో పడింది. ఆ మాట చెబితే సూపర్‌వైజర్ ఆశ్చర్యపోలేదు. “ఫ్లిప్ చేద్దాం సర్, మీవాళ్ళు చాలామంది అడుగుతారు” అన్నాడు. అంటే అద్దంలో చూసినట్టు ఇంటిని కుడి ఎడమలు మార్చి కట్టడం. కారు బానెట్ మీద ఒక కాగితం పెట్టాడు. ఒకే పేజీ. సంతకం పెట్టాను. గరాజ్ దక్షిణానికి పోయింది, ఈశాన్యం ఖాళీ అయింది. ఆ రోజు ఇంటికి జిలేబీ తీసుకెళ్ళాను.

పునాది పోశారు, కర్రలు నిలబెట్టారు, కప్పు పడింది. ఆ తర్వాత వచ్చిన మంగళవారం గురించే మొదట చెప్పాను.

సూపర్‌వైజర్‌ని నిలదీశాను. “అది కరెంటు కంపెనీ వాళ్ళ పని సర్, మా చేతిలో లేదు సర్” అన్నాడు. టేపు పెట్టి కొలిచాను. ఉత్తరం హద్దు గీతకు రెండడుగులు ఇవతల, నా వైపు ఉంది డబ్బా. రెండడుగులు అవతల పెట్టి ఉంటే పక్క స్థలానికి అది ఆగ్నేయం. వాళ్ళకు చక్కగా సరిపోయేది. ఎనభై అడుగుల దూరంలో ఉండాల్సిన డబ్బా నడిచి వచ్చి, సరిగ్గా గీత దగ్గర ఆగి, నా వైపే ఎందుకు కూర్చుంది?

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మా నాన్నకు చదువు రాదు. ఊళ్ళో కరణం ఒక కాగితం తెచ్చి, ‘ఇక్కడ వెయ్యి’ అని వేలు పెట్టి చూపించాడు. నాన్న అక్కడే వేలిముద్ర వేశాడు. ఆ వానాకాలం వెళ్ళేసరికి మా తూర్పు గట్టు మీది హద్దురాయి రెండు బారలు ఇవతలికి వచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాన్న రాయి పక్కన కూర్చుని బీడీ కాల్చాడు, అంతే. నేను చదువు నేర్చుకున్నది ఆ రాయి కోసమే.

ఉత్తరం వైపు స్థలం కూడా తెలుగువాళ్ళదే. ఆయనకు ముప్పై అయిదేళ్ళుంటాయి. కోస్తా నుంచి వచ్చినవాడు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు ఉద్యోగం. వాళ్ళ ఇల్లూ మాతో పాటే లేస్తోంది. నేను టేపు చుడుతుండగా వచ్చాడు.

“ఏంటంకుల్, పొద్దున్నే కొలతలు?”

“ఈ డబ్బా ఇక్కడికెలా వచ్చింది?”

“లారీలో అంకుల్.”

కారులో కూర్చున్న మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

“అది కాదు నాయనా. రెండడుగులు అటు ఉంటే మీకు ఆగ్నేయం. ఇటు ఉంటే నాకు ఈశాన్యం. ఇటే ఎందుకొచ్చింది?”

“మాకు వాస్తూ అదీ లేదంకుల్. మేం చర్చికెళ్తాం. పాస్టర్ గారొచ్చి ప్రేయర్ చేస్తే మా ఇంటికి అన్ని మూలలూ ఓకే. మీకు ప్రాబ్లం అయితే మా వైపు పెట్టేయమనండి.”

“ఊరికేనా?”

“ఊరికే కాకపోతే డబ్బాని అద్దె అడుగుతానా ఏంటి? నా వీసా ఎక్స్‌టెన్షన్ ఇంకా పెండింగ్ అంకుల్. ఇల్లయ్యేలోపు నేనుంటానో లేదో. డబ్బాదేముంది, ఎక్కడైనా ఉంటుంది.”

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే నాకు నమ్మకం కుదరలేదు. అపార్ట్‌మెంట్లలో ఇరవై ఆరేళ్ళు నేను చూసింది ఏమిటంటే, కింద ఇంట్లో నీళ్ళు కారుతున్నాయని అందరికన్నా ముందు పరుగెత్తుకొచ్చి చెప్పేది, పైన తొట్టె నింపి మరిచిపోయినవాడే.

వారం తర్వాత నా అనుమానానికి సాక్ష్యం దొరికింది. నేను వీధి మలుపులో కారు ఆపేసరికి, ఆయనా, నారింజరంగు చొక్కా వేసుకున్న కరెంటు కంపెనీ మనిషీ డబ్బా దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన చేతులు చాచి ఏదో కొలత చూపిస్తున్నాడు. కంపెనీ మనిషి నవ్వాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. తర్వాత ఆయన ఫోన్‌తో డబ్బాకి నాలుగు వైపులా ఫోటోలు తీశాడు. ఆయన ఫోటోలు తీస్తుండగా నేను ఆయన్ని ఫోటోలు తీశాను.

“దిగి వెళ్ళి ఏంటని అడగండి” అంది పక్క సీట్లోంచి మా ఆవిడ.

“అడిగితే నిజం చెబుతాడా?”

“అడక్కపోతే అబద్ధమైనా చెప్పడు కదా.”

కారు వెనక్కి తిప్పాను. ఆ ఆదివారం ఆయన భార్య మా అపార్ట్‌మెంట్‌కి ప్లమ్ కేకు పట్టుకొచ్చింది. పండగ లేదు, పబ్బం లేదు, కేకు ఎందుకు? నేను ముట్టలేదు. మా ఆవిడ రెండు ముక్కలు తిని, చాలా బాగుందని నా ఎదురుగానే ఫోన్ చేసి చెప్పింది.

తర్వాత సూపర్‌వైజర్ ఒక కాగితం తెచ్చాడు. కింద రెండో పేజీ అని ఉంది. మొదటి పేజీ లేదు. రెండు గీతలు. పై గీత మీద అప్పటికే ఒక సంతకం ఉంది, కోడి గీకినట్టు, ఎవరిదో తెలియదు. కింది గీత దగ్గర పసుపు కాగితం ముక్క అంటించి బాణం గుర్తు వేశారు, ఇక్కడ పెట్టు అని.

“మొదటి పేజీ ఏది?”

“నాకు ఇదే ఇచ్చారు సర్. సంతకం పెడితే పని ముందుకెళ్తుంది సర్.”

ఆ బాణం గుర్తు చూడగానే నాకు కరణం వేలు కనిపించింది. సంతకం పెట్టలేదు. రెండు వారాల తర్వాత మళ్ళీ అదే పేజీ, అదే బాణం. పెట్టలేదు. పెట్టకపోవడమే కాదు, ఒప్పందం ప్రకారం ప్రతి దశకూ నా అనుమతి కావాలి గనక, గోడలకు షీట్లు కొట్టే దశ దగ్గర ఆ అనుమతి ఆపేశాను. డబ్బా సంగతి తేలేదాకా ఇంటి మీద ఒక్క మేకు దిగడానికి వీల్లేదన్నాను. నా పక్షాన న్యాయం ఉందనుకున్నాను. మొదటి పేజీ చూపించకుండా సంతకం అడగడం తప్పేనని ఇప్పటికీ అంటాను.

అయితే పని ఆపేసిన ఆ రోజుల బరువు పడింది నా మీద కాదు, మా ఆవిడ మీద. అద్దె ఇంటికి పదిహేడు మెట్లు. ముప్పై ఏళ్ళు ఆస్పత్రి వార్డుల్లో నిలబడి అరిగిన మోకాళ్ళు ఆవిడవి. మెట్లు లేని ఇల్లు కావాలన్నదే ఆవిడ కోరిక. అటకలూ మేడలూ వద్దు, వంటింట్లోంచి అడుగు తీసి పెడితే నేల తగలాలి అనేది. డాక్టరు ఆ మెట్లు తగ్గించమని రెండుసార్లు చెప్పాడు. ఒక మధ్యాహ్నం నేను సామాను సంచులు పైకి చేర్చి వెనక్కి చూస్తే ఆవిడ రాలేదు. తొమ్మిదో మెట్టు మీద, పాల డబ్బా పక్కన పెట్టుకుని, కమ్మీ పట్టుకుని కూర్చుని ఉంది. ముఖం చెమటతో తడిసిపోయింది. చెయ్యి అందించాను. పట్టుకోలేదు.

“మీ ఈశాన్యం సంగతి సరే. నా మోకాళ్ళు ఏ మూల పెట్టుకోమంటారు?”

పాల డబ్బా అందుకున్నాను.

“ఆ ఇంట్లో పాలు పొంగించే రోజుకి నేను నడిచి వెళ్ళాలి. మోయించుకుని వెళ్ళను. అది మటుకు చెబుతున్నా.”

ఆ సాయంత్రమే కరెంటు కంపెనీకి మూడో జాబు రాశాను. మొదటిదానికి, మీ జాబు అందింది అని యంత్రం పంపిన రెండు ముక్కలు వచ్చాయి. రెండోదానికి ఏమీ రాలేదు. మూడోది చేత్తో రాశాను. తొమ్మిది పేజీలు. స్థలం పటం గీశాను, దిక్కులు వేశాను, ముందు డబ్బా ఎక్కడ ఉండాల్సిందో ఎర్ర సిరాతో, ఇప్పుడెక్కడుందో నల్ల సిరాతో చుక్క పెట్టాను. పక్క స్థలం యజమానికీ మీ మనిషికీ మధ్య ఏం నడిచిందో చెప్పమన్నాను. ఫోటోలు జతచేశాను. దీన్ని ఎవరు కదిపారో పేరు చెప్పండి, నా భార్య మెట్లు ఎక్కలేకపోతోంది అని ముగించాను. ఆ చివరి మాట రాయాలనుకోలేదు. రాశాక కొట్టెయ్యలేదు.

పదమూడు రోజులకు జవాబు వచ్చింది. యంత్రం కాదు, మనిషి రాసిందే, కింద సంతకం ఉంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మా ఆవిడకు చదివి వినిపించినట్టే ఇక్కడ తెలుగులో పెడుతున్నాను:

“అయ్యా, మీ జాబు పూర్తిగా చదివాను. మీ పటం మా పటం కన్నా వివరంగా ఉంది. ఆ డబ్బా మొదట మీరు ఎర్ర సిరాతో గుర్తు పెట్టిన మూలకే నిర్ణయమైంది. మీరు మీ ఇంటి ప్లాన్‌ను ఫ్లిప్ చేయించినప్పుడు గరాజ్‌తో పాటు కారు దారి కూడా ఆ మూలకు వచ్చింది. కారు దారికి ఆనుకుని డబ్బా ఉండకూడదు కనుక, దాన్ని ఉత్తరం మూలకు మార్చాం. ఫ్లిప్ కోరుతూ మీరు సంతకం చేసిన ఒక పేజీ కాగితం నకలు జతచేస్తున్నాను. అడుగున చిన్న అక్షరాల్లో డబ్బా చోటు మారవచ్చని ఉంది, చూడగలరు. ఆ మార్పు మీకు విడిగా తెలపకపోవడం మా పొరపాటు. ఇక మీరు ఫోటోలో చూపిన వ్యక్తి, డబ్బాను హద్దుకు అవతల తన స్థలంలోకి జరపమని ఆరు వారాల క్రితం తనంతట తానే దరఖాస్తు పెట్టుకున్నారు. తీగలు ఇంకా వేయలేదు కనుక ఒప్పుకున్నాం. దరఖాస్తు మొదటి పేజీ మీకు అందలేదని మీ జాబు వల్లే తెలిసింది, క్షమించండి. ఇప్పుడు రెండు పేజీలూ పంపుతున్నాను. పై గీత మీద ఉన్నది ఆయన సంతకం. కింది గీత మీది.”