సరంగు ముఖానికి ఒక్కటే అచ్చు

పోయిన వారం మా మేడ మీద నీళ్ల ట్యాంకు అడుగున బీట పడితే, ఫైబరు అతికే మనిషి రెండు డబ్బాలు, ఒక బ్రష్షు పట్టుకుని వచ్చాడు. డబ్బా మూత తీయగానే ఆ ఘాటైన వాసన మెట్ల మీదుగా దిగి వంటింట్లోకి వచ్చేసింది. నేను గరిటె చేతిలో ఉండగానే మేడ ఎక్కి, గట్టిపడే మందు ఎంత కలిపావు బాబూ అని అడిగాను. ఉజ్జాయింపేనండి అన్నాడు, కలుపుతూనే. అతనికి అది మామూలు మాటే గాని, నాకు మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా గుండె ఝల్లుమంది.

తొంభైల చివరి సంగతి. డిగ్రీ అయి, డ్రాయింగు పరీక్షలు కూడా పాసై టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, ఇంట్లో ఊరికే కూర్చోవడం దేనికని మా బాబాయి నన్ను మండపేటలోని తన షెడ్డుకి రమ్మన్నాడు. ఆయన విగ్రహాలు చేసేవాడు. అంతవరకు అన్నీ సిమెంటువే. అప్పుడప్పుడే కొత్తగా మరో పద్ధతి నేర్చుకుని వచ్చాడు. లోహం కరిగించే పని లేదు, కొలిమి లేదు. రెసిన్ అనే చిక్కటి ద్రవంలో మెత్తటి కంచు పొడి కలిపి, గట్టిపడే మందు వేసి, అచ్చు లోపలి గోడకి బ్రష్షుతో పూస్తారు. అది బిగుసుకున్నాక వెనక ఫైబరు పొరలు అంటించి, అచ్చు పగలగొట్టి, పైన ఇనుప పీచుతో రుద్దితే కంచు తేలుతుంది. దూరం నుంచే కాదు, పక్కన నిలబడి చూసినా పోత విగ్రహమనే అనుకుంటారు.

ఆ పద్ధతిలో వచ్చిన మొదటి పని కోనసీమలో గౌతమి ఒడ్డున ఉన్న ఒక ఊరివాళ్లది. వాళ్ల రేవులో లాంచీ నడిపే సరంగు, వరద రోజుల్లో నాటుపడవ తిరగబడితే నీళ్లలోకి దూకి, ఒకరి తర్వాత ఒకరిగా ఆరుగురిని ఒడ్డుకి చేర్చి, ఏడో మనిషి కోసం వెళ్లి తిరిగి రాలేదు. ఊరంతా కలిసి రేవులో ఆయన విగ్రహం పెట్టాలనుకున్నారు. పోత కంచు తమ వల్ల కాదన్నారు. బాబాయి వాళ్లకి దాపరికం లేకుండా, ఇది పోత కాదండి, కంచు పొడి కలిపిన రెసిన్ అని చెప్పి ఒప్పుకున్నాడు.

చిక్కల్లా ముఖంతోనే వచ్చింది. ఆయనకి విడిగా ఫోటో లేదు. ఎవరిదో పెళ్లి గుంపులో, వెనక వరసలో, వేలిగోరంత ముఖం ఒకటి దొరికింది. అందుకని ఆయన భార్య ఎనిమిది రోజులు బస్సులో వచ్చి, షెడ్డులో స్టూలు మీద కూర్చుని, బాబాయి మట్టితో మలుస్తుంటే చెబుతూ వచ్చింది. ఎడమ కనుబొమ మధ్యలో తాడు తగిలిన గాటు ఉండేదని, నవ్వకపోయినా పెదవి ఒక పక్కకి లేచినట్టుండేదని, చెంప ఇంత లోతు కాదని. ఎనిమిదో రోజు సాయంత్రం ఆవిడ లేచి వచ్చి, మట్టి చెంప మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. వెళ్తూ వెళ్తూ మాత్రం, ఆయనేనండి బాబుగారూ, ఇంక నన్ను పిలవకండి, ఇలా మళ్లీ కూర్చోలేను అంది.

ఆ మర్నాడే మట్టి బొమ్మ మీద ప్లాస్టరు పోసి ముందు సగం, వెనక సగం విడివిడిగా అచ్చు తీశాం. అచ్చు ఊడదీసేటప్పుడు మట్టి ముక్కలు ముక్కలుగా వస్తుంది, బొమ్మ మిగలదు. అంటే ఆ సరంగు ముఖం ఇప్పుడు లోకంలో ఒక్క చోటే ఉంది, ఆ తెల్లటి ప్లాస్టరు గుంతలో, తిరగేసిన రూపంలో. ఆవిష్కరణకి ఇంకా అయిదు రోజులు. ముసురు పట్టి సూర్యుడు కనిపించడమే లేదు.

మందులు కొలిచి కలిపే పని నాది. కిలో రెసిన్‌కి రెండు సిరంజీల మందు అని బాబాయి గోడ మీద బొగ్గుతో రాసిపెట్టాడు. అచ్చు తీసిన మర్నాడు పొద్దున పది గంటలకి రెసిన్‌లో కంచు పొడి పోసి కలిపి, మొదటి సిరంజీ వేశాను. సరిగ్గా అప్పుడే ఆ ఊరి ప్రెసిడెంటుగారు గుమ్మంలో నిలబడి, శిలాఫలకం మీద రాయించాల్సిన వాక్యం తప్పుల్లేకుండా చూసిపెట్టమని కాగితం అందించారు. చదివి, రెండు అక్షరాలు దిద్ది ఇచ్చి, తిరిగి వచ్చి గిన్నె బాబాయికి అందించాను. ఆయన తేనె రంగులో ఉన్న ఆ ముద్దని కనుబొమ గాటులోకి, పెదవి మూలలోకి సన్న బ్రష్షుతో ఎంతో ఓపికగా పూశాడు.

పన్నెండింటికి బిగుసుకోవాల్సింది. ఒంటిగంటకి అంచు మీద వేలు పెడితే జిగురులా సాగింది. రెండింటికి కూడా అంతే. అన్నం డబ్బాలు విప్పనే లేదు. బాబాయి అచ్చు చుట్టూ తిరుగుతూ, ప్లాస్టరులో తడి ఆరలేదమ్మాయ్, అదే దీన్ని బిగుసుకోనివ్వట్లేదు, మొత్తం గీకేసి ఆరబెట్టి మళ్లీ పూద్దాం అన్నాడు. గీకితే అచ్చు లోపల పూసిన మైనం పొర లేచిపోతుందని, దాంతో పాటు సన్న గీతలన్నీ అరిగిపోతాయని ఆయనకీ తెలుసు. వేరే దారి లేదనుకుని రేకు బద్ద చేతిలోకి తీసుకున్నాడు.

అప్పటికి గంట నుంచి నేను పొద్దుటి పనినే మళ్లీ మళ్లీ గుర్తుచేసుకుంటున్నాను. సిరంజీ ఒకసారి ముంచిన జ్ఞాపకం ఉంది గాని రెండోసారి ముంచిన జ్ఞాపకం లేదు. చెబితే ఇన్నాళ్లుగా నా మీద పెట్టుకున్న నమ్మకం పోతుంది. నోరు మూసుకుంటే నేరం వాన మీదకి పోతుంది, ఎవరూ నన్ను అడగరు. ఇంత నీచమైన లెక్క నేను నిజంగానే వేసుకున్నాను, దాచుకుని లాభం లేదు. రేకు బద్ద అంచు ఆ చెంప మీద ఆనబోతుండగా నా నోట మాట వచ్చింది.

"బాబాయ్, గీకొద్దు. రెండో సిరంజీ వేశానో లేదో నాకు గుర్తులేదు."

ఆయన చెయ్యి ఆగింది. తల ఎత్తకుండానే అడిగాడు.

"గుర్తులేదా, వెయ్యలేదా?"

"వెయ్యలేదు."

తిడతాడనుకున్నాను. ఆయన రేకు బద్ద బల్ల మీద పెట్టి, అయితే తడి కాదన్నమాట, దీనికి కావలసింది వెచ్చదనం అన్నాడు. మందు సగం పడినా వెచ్చగా ఉంచితే ఆలస్యంగానైనా బిగుసుకుంటుందట. బల్బులు వేలాడదీద్దామంటే పొద్దుటి నుంచి కరెంటు లేదు. నేను కుంపటి కోసం పరిగెత్తబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ ఆవిరికి నిప్పు తగిలితే షెడ్డుతో పాటు మనమూ మిగలమన్నాడు.

మా సందు చివర ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. అక్కడ ఊకతో మండే బాయిలరు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండేది, దాని వెనకున్న గోదాములో ఆ వైపు గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. బాబాయి వెళ్లి మిల్లు మేస్త్రీని బతిమాలి బస్తాల తోపుడు బండి తెచ్చాడు. అచ్చుని గోనెసంచుల మధ్య పడుకోబెట్టి, పైన అంటుకోకుండా ఎత్తుగా టార్పాలిన్ కట్టి బయల్దేరాం. నడిస్తే అయిదు నిమిషాల దారి. గుంతల్లో నీళ్లు నిండి ఎక్కడ ఎంత లోతో తెలియదు, చక్రం దిగబడితే ప్లాస్టరు నెర్రె ఇస్తుంది, ఒక్క చినుకు లోపల పడినా మచ్చ పడుతుంది. మేస్త్రీ ముందు లాగుతుంటే, బాబాయి ఒక పక్క, నేను ఒక పక్క అచ్చుని పట్టుకుని నడిచాం.

గోదాములో ఊక దుమ్ము ఎగురుతోంది. అది జిగురు మీద పడకుండా నా చున్నీ తీసి రెండు స్టూళ్ల మధ్య పందిరిలా కట్టాను. ఆ గోడ పక్కన నేల మీద కూర్చుని, అరగంటకొకసారి అంచు మీద గోరు పెట్టి చూడటం, ఒకరి ముఖం ఒకరు చూడకుండా చెయ్యి వెనక్కి తీసుకోవడం. మొదట సాగింది. తర్వాత సాగకుండా వేలిముద్ర పడింది. అయిదు దాటాక బాబాయి గోరు పెడితే గాజు మీద తట్టినట్టు చిన్న చప్పుడు వచ్చింది. ఆయన ఇంకోసారి తట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, అన్నం డబ్బా ఎక్కడ పెట్టావమ్మాయ్, ఆకలేస్తోంది అన్నాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఆ తర్వాతి రెండు రోజులూ ఫైబరు అంటించడంలో, వెనక సగాన్ని కలపడంలో గడిచాయి. మూడో రోజు ఉలితో ప్లాస్టరు చిన్న చిన్న పెచ్చులుగా రాల్చితే లోపల నుంచి మట్టి రంగులో, జీవం లేని బొమ్మ వచ్చింది. ఇనుప పీచు నా చేతికిచ్చి చెంప దగ్గర మొదలుపెట్టమన్నాడు. రుద్దుతుంటే ముందు పసుపు, ఆ తర్వాత ఎర్రటి మెరుపు, నెమ్మదిగా కంచు. కనుబొమ గాటు చెక్కు చెదరలేదు.

ఆవిష్కరణ రోజు రేవు నిండా జనం. గుడ్డ తొలగించాక ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి విగ్రహాన్ని తాకి చూసి, కంచన్నారు, చల్లగా లేదేంటండి అని అందరికీ వినబడేలా అడిగాడు. ప్రెసిడెంటుగారు తడబడ్డారు. బాబాయి జవాబు చెప్పబోతుండగా సరంగు భార్య ముందుకి వచ్చింది. ఎనిమిదో రోజున పెట్టినట్టే ఆ చెంప మీద అరచెయ్యి పెట్టింది.

"చల్లగా లేకపోతేనే మంచిదండి," అంది ఆ పెద్దాయనతో. "ఒడ్డుకి తెచ్చిన రోజు ఆయన చల్లగానే ఉన్నాడు."

ఆ పెద్దాయన కండువాతో కళ్లు ఒత్తుకుని వెనక్కి తగ్గాడు. ఆ తర్వాత ఆ విగ్రహం దేనితో చేశారని ఎవరూ అడగలేదు.

ఆ రేవు ఇప్పుడు లేదు. ఎగువన వంతెన వచ్చాక లాంచీలు ఆగిపోయాయి, మెట్ల మీద తుమ్మ మొలిచింది. బాబాయి పోయాడు, ఆవిడా పోయింది. కిందటేడు ఆ దారిన వెళ్తూ కారు ఆపించుకుని చూశాను. ఊరివాళ్లు అభిమానం కొద్దీ ఏటా విగ్రహానికి బంగారు రంగు పెయింటు వేయిస్తున్నారు. పొర మీద పొర పేరుకుని కనుబొమ గాటు పూడిపోయింది, పెదవి చివర ఎత్తు కూడా సమమైపోయింది. ఇప్పుడు ఫోన్లో ఒక్క ఫోటో ఉంటే యంత్రమే ముఖం చెక్కి ఇస్తోందట, ఎవరూ ఎనిమిది రోజులు స్టూలు మీద కూర్చుని చెప్పక్కర్లేదు. మంచిదే కావచ్చు. ఆ పెయింటు గీకి చూపిద్దామా అని ఒక్క క్షణం చెయ్యి చాచాను గాని, పక్కనే ఆడుకుంటున్న పిల్లలు నన్ను వింతగా చూస్తుంటే సిగ్గేసి, దణ్ణం పెట్టుకుని వచ్చేశాను.