ఆంటీ కట్ చెయ్యనివ్వని షాట్

మొన్న గురువారం మా పైఇంటి ఆంటీ పోయారు. వాళ్లమ్మాయి హాస్పిటల్ నుంచి ఫోన్ చేసినప్పుడు నేను బస్సులో ఉన్నాను. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎందుకంటే గంట తిరక్కముందే మా తెలుగు సంఘం అధ్యక్షుడు గారు వాట్సాప్ గ్రూపులో "మా కుటుంబంలో మనిషిని పోగొట్టుకున్నాం" అని పెట్టేశారు. బతికుండగా ఆమెని ఒక్క ఫంక్షన్‌కి పిలిచిన పాపాన పోలేదు మహానుభావుడు.

కెనడాలోని ఒషావాలో నేనూ, నా క్లాస్‌మేట్ శిరీషా అద్దెకున్న బేస్‌మెంట్ ఆంటీది. కాలేజీ అడ్మిషన్లు తెరిచిన ప్రతిసారీ బస్సులన్నీ మన పిల్లలతో కిక్కిరిసిపోతున్న రోజులవి. ఆంటీ అప్పుడప్పుడూ మెట్ల మీద పప్పుగిన్నె పెట్టి, "చల్లారిపోతుందే!" అని కేకేసి వెళ్లిపోయేవారు. తినేవాళ్లని చూస్తూ నిలబడకూడదట, దిష్టి.

కెనడా రాకముందు ఆవిడ గుంటూరులో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవారు. పెళ్లికొడుకుని తామరపువ్వులోంచి పుట్టించీ పుట్టించీ విసుగెత్తిపోయానని నవ్వేవారు. మేం ల్యాప్‌టాప్‌లో పాటలు చూస్తుంటే వచ్చి పక్కన కూర్చునేవారు. "సౌండ్ తీసేసి చూడండే. అప్పటికీ గుండె పట్టేస్తే అది పాట. లేదంటే ట్యూన్ మిమ్మల్ని మోసం చేస్తున్నట్టే." అలా చూస్తే మా ఫేవరెట్లు సగం డొల్ల అని తేలిపోయాయి. డ్రోన్లు, పొగ, గాలికెగిరే జుట్టు. మనిషే కనపడడు.

ఇక అసలు సంగతి. ఆ ఏడు ఉగాది ఫంక్షన్‌లో శిరీష ప్రార్థన పాడింది, నేను సంఘం కోసం ఫోన్లో వీడియో తీస్తున్నాను. అక్కడ స్టూడెంట్లని ముద్దుగా వాలంటీర్లంటారు. అంటే అందరికీ వడ్డించాలి, ఆఖర్న మిగిలింది తినాలి. ఆ రోజు షిఫ్ట్‌కి టైమైపోతోందని శిరీష ముందుగానే ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడింది. అధ్యక్షుడు గారు వచ్చి, నీలం రాయి ఉంగరం పెట్టుకున్న చేత్తో ఆ ప్లేటు లాగేసుకున్నారు. "ఫ్యామిలీస్ ఫస్ట్ అమ్మా! స్టూడెంట్సు తిండి కోసమే వస్తారని మాకు తెలుసులే." లైనంతా నవ్వింది. అంతా నా ఫోన్లో పడింది. శిరీష ఖాళీ కడుపుతో డ్యూటీకి వెళ్లింది. ఆ తర్వాత గిన్నెలు తోముతూ కూనిరాగం తియ్యడం కూడా మానేసింది.

"వీడి మొహం ఊరంతా చూపిస్తానాంటీ, పేరుతో సహా పెట్టేస్తా!" అని ఎగిరాను. సర్దుకుపొమ్మంటారేమో అనుకున్నా. ఆవిడ క్లిప్పు చూసి, కళ్లద్దాలు తుడుచుకుని, "పగ తీర్చుకోవాల్సిందే" అన్నారు. "కానీ మొహం పెడితే రెండ్రోజులు తిట్టి మర్చిపోతారే. చెయ్యి పెట్టు. నోటికాడి కూడు లాక్కున్న చెయ్యి ఎవరికీ మరుపు రాదు."

శిరీష చేత పాట పాడించి, దాని వీడియోలో ఆ చెయ్యి పెడదామన్నారు. శిరీష పాడనని మొండికేసింది. "ప్లేటంటే వాడు లాక్కున్నాడు. గొంతు నువ్వే ఇచ్చేస్తావా?" అన్నారు ఆంటీ. అంతే, మర్నాడు శిరీష బయటి చప్పుడు పడకుండా ఆంటీ చలికోట్ల అల్మరాలో దూరి, ఆ కోట్ల మధ్య నిలబడి, తను రాసుకున్న పాట పాడింది.

నేను ఎన్నో మ్యూజిక్ వీడియోలు చూశాను. ఇప్పటికీ నాకు ఆ పాటకి మేం చేసి యూట్యూబ్‌లో పెట్టిందే గొప్పది, ఎవరేమనుకున్నా సరే. అందులో చాలాసేపు చేతులే. ఫ్లోర్ తుడిచే చేతులు, బస్టాపులో నోటి ఆవిరికి కాచుకునే చేతులు, వీడియో కాల్లో అమ్మకి తిన్నానని ఊపే చెయ్యి. చుట్టూ బూడిదరంగు మంచు, రంగంటే శిరీష పసుపు చున్నీ ఒక్కటే. రెండో చరణం చివర ఉంగరం చెయ్యి వచ్చి ప్లేటు లాక్కుంటుంది. ప్లేటు పోయాక కూడా శిరీష చేతులు అలాగే గాల్లో ఉండిపోతాయి, ఇంకా దాన్ని పట్టుకున్నట్టే. నేను అక్కడ కట్ చెయ్యబోతే ఆంటీ నా వేళ్ల మీద ఒక్కటిచ్చారు. "ఉంచవే. చూసేవాడు కుర్చీలో మెసలాలి. ఇంకా ఉంచు." ఆ తర్వాత, మొదటిసారిగా శిరీష మొహం. ఏడవదు. మన వైపు చూస్తుంది, అంతే. మొదట్నుంచీ ఆ మొహం చూపిస్తే జనం అయ్యో పాపం అని ఊరుకునేవాళ్లు. ఆంటీ దాచి దాచి చూపించారు కాబట్టి తలదించుకున్నారు.

ఆ ఉంగరం తెలియని తెలుగువాళ్లు మా ఊళ్లో లేరు. అధ్యక్షుడు గారు ఉంగరం తీసేశారు గానీ సారీ మాత్రం చెప్పలేదు.

నిన్న మధ్యాహ్నం ఆ ఉగాది జరిగిన హాల్లోనే ఆంటీ సంస్మరణ సభ పెట్టారు. ముందురోజు ఆయనే ఫోన్ చేశారు. "ఆంటీ గుర్తుగా ఆ పాట వేద్దామమ్మా. ఆ ప్లేటు బిట్ మాత్రం ట్రిమ్ చేసెయ్, సందర్భం కాదు కదా." "అలాగే అంకుల్" అన్నాను, తేనె పూసినట్టు. వేశాను. పూర్తిగా వేశాను, సౌండ్ తీసేసి.

ఆ నిశ్శబ్దంలో చెయ్యి వచ్చింది, ప్లేటు లాక్కుంది. తలలన్నీ తెర మీంచి ఆయన వైపు తిరిగాయి. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అబద్ధమెందుకు, నాకు కడుపు నిండిపోయింది. ఆంటీ ఉండి చూడాల్సిందని అప్పుడు ఏడ్చాను.

భోజనాల దగ్గర ఆయనే ప్లేటులో అన్నం, పప్పు పెట్టుకుని తిన్నగా శిరీష దగ్గరికొచ్చారు. "ముందు నువ్వు తినమ్మా" అన్నారు, అందరికీ వినపడేలా.

శిరీష చేతులు కట్టుకుంది. "ఫ్యామిలీస్ ఫస్ట్, అంకుల్" అంది, మెల్లగా.

లైన్లో ఎవరూ నవ్వలేదు, ఎవరూ ముందుకొచ్చి అందుకోలేదు. ఆయన చేతులు ప్లేటుతో సహా అలా గాల్లోనే ఉండిపోయాయి. ఉంగరం ఉండే వేలి చుట్టూ తెల్లటి గీత. నేను చూపు తిప్పుకోలేదు. ప్లేటులో పప్పు మెల్లగా అంచుకి జారుతోంది.