గడప అని కొడితే వెళ్లిన చోటు

ఎల్లాజీ బోటు తిరిగి రాలేదన్న కబురు నాకు మొదట తెచ్చింది అతని భార్య నూకరత్నమే. పొద్దున్నే ఆటో దిగి, కాళ్లకి చెప్పులు కూడా లేకుండా మా మెట్లెక్కి వచ్చింది.

జరిగింది చెప్పే ముందు ఒక మాట. నాకు దేవుడి మీద నమ్మకం ఉంది, దయ్యాల మీద ఏనాడూ లేదు. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి నా బడి ఆగిపోతే, నాన్నగారు స్టీలు ప్లాంటులో షిఫ్టు దిగి వచ్చి ఇంట్లోనే నాకు చదువు చెప్పారు. చీకట్లో చప్పుడైతే ముసుగు తన్నకుండా లైటు వేసి వెతకమనేవారు. ఎలకో, కిటికీ రెక్కో దొరికేది. ఇప్పటికీ నాది అదే పద్ధతి. ఈ సంగతిలోనూ లైటు వేసి వెతికాను. ఇంకా ఏమీ దొరకలేదు.

మేము గోదావరి జిల్లా నుంచి నాన్నగారి ఉద్యోగం కోసం వచ్చి కూర్మన్నపాలెంలో ఉండిపోయినవాళ్లం. మా అన్నయ్య ఇష్టపడి పెళ్లి చేసుకున్న పైడమ్మ వదిన ఇక్కడి సముద్రం మనిషి. మాకు ఆటో దూరంలో, ఒడ్డున ఉన్న జాలరిపల్లెలో పుట్టింది. ఎల్లాజీ ఆవిడ తమ్ముడు. వదిన ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. ఇంట్లో నాకూ చెప్పింది. ఆ చదువు పుణ్యమా అని ఇవాళ ఇంట్లో కూర్చుని ప్రవచనాల ఆడియోలు శుభ్రం చేసిచ్చే పని చేసుకోగలుగుతున్నాను. పోయిన ఏడాది వానాకాలంలో డెంగ్యూ జ్వరం వచ్చి వదిన పోయింది. ఆవిడ కంప్యూటరే ఇప్పుడు నా దగ్గరుంది.

అది పాతది. విండోస్ దానికి బరువైపోతే వదిన లినక్స్ వేసింది. మౌసుతో పని తక్కువ. నల్లటి తెర మీద మాట కొట్టి, ఎంటర్ నొక్కాలి. ఫోల్డర్లో ఫోల్డరు, దాంట్లో ఇంకో ఫోల్డరు, అలా లోపలెక్కడో ఉన్న ఫైలు దగ్గరకి వెళ్లాలంటే దారంతా పొడుగ్గా కొట్టాలి. మొదట్లో నేను ఒక అక్షరం తప్పు కొట్టి, మళ్లీ మొదటికి వచ్చేదాన్ని. అప్పుడు వదిన నవ్వింది.

"మా నాన్న సముద్రంలో దారి రాసుకుంటాడేటి? గుర్తు పెట్టుకుంటాడు. నువ్వూ ఓ పొడుగు దారికి ఓ పొట్టి మాట కట్టేసుకో సత్యా. ఆ మాట కొడితే సాలు, తిన్నగా అక్కడుంటావ్."

అలా ఒక సెట్టింగుల ఫైల్లో ఏ మాటకి ఏ దారో రాసి పెట్టింది. ఆ మాటలన్నీ ఇంటి భాగాలే. వంటిల్లు అంటే నేను పని చేస్తున్న ఆడియోలు. అటక అంటే అయిపోయినవి. పెరడు అంటే పారేయాల్సినవి. గడప అంటే నా సొంత ఫోల్డరు, అంటే ఎక్కడున్నా వెనక్కి ఇంటికి వచ్చేసే మాట. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే తెలుగు మాటలు. తెర మీద మామూలుగా మనం ఏ ఫోల్డర్లో ఉన్నామో ప్రతి వరస ముందూ కనిపిస్తుంది. నాకు ఆ పొడుగంతా చూస్తే కంగారని వదిన అది తీసేసి, ప్రతి వరస ముందూ ఓం అని వచ్చేటట్టు పెట్టింది. ఈ ఓం సంగతి కాస్త గుర్తుంచుకోండి. నేనెక్కడున్నానో నాకు వెంటనే తెలియకపోవడానికి కారణం అదే.

ఇక ఎల్లాజీ. ఫైబర్ బోటులో వాళ్ల పెదనాన్న కొడుకు సోమేశుని తీసుకుని ముందురోజు తెల్లవారకుండా వెళ్లాడు. మధ్యాహ్నానికి రావాల్సినవాళ్లు సాయంత్రానికీ రాలేదు. ఫోన్లు మోగలేదు. పల్లెలోని బోట్లు రాత్రి దాకా వెతికి, మళ్లీ తెల్లారగానే బయల్దేరాయి. తీరం పోలీసులకి చెబితే బోటు ఫొటో, మనుషుల ఫొటోలు ఉంటే వెంటనే కావాలన్నారట. నూకరత్నం ఫోను నెల కిందట నీళ్లలో పడింది. పెళ్లి ఫొటోలూ, బోటుకి పూజ చేసిన ఫొటోలూ వదిన కంప్యూటర్లో ఉంటాయని మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది.

"ఎటు వెళ్లాడో చెప్పాడా?" అనడిగాను.

"రుషికొండ ఏపు అని అందరికీ వినపడేలా అరిసి మరీ ఎల్లాడక్కా. మనోళ్లంతా అటే ఎతుకుతన్నారు."

వాళ్లలో ఒక కట్టుబాటుంది. బోటు నీళ్లలోకి తోసేటప్పుడు ఎటు అని అడగకూడదు. చేపలు దొరికే చోటు ఎవరికి వారు దాచుకుంటారు, సొంత అన్నదమ్ములకి కూడా చెప్పరు. ఈ సంగతి నాకు వదిన చెప్పగా విన్నదే. నూకరత్నానికి పుట్టినప్పటి నుంచీ తెలిసిందే. అయినా ఆ కంగారులో మా ఇద్దరికే కాదు, వెతకడానికి వెళ్లినవాళ్లకీ తట్టలేదు. అడక్కుండానే దిక్కు అరిచి చెప్పాడంటే అటు వెళ్లలేదనే కదా అర్థం.

దేవుడి దగ్గర దీపం అప్పటికే వెలుగుతోంది. కంప్యూటర్ వేసి, నల్ల తెర తెరిచాను. అంతకుముందు ఆడియోల్లో ఉన్నానేమోనని, ముందు ఇంటికి వచ్చి అక్కణ్ణుంచి ఫొటోలకి వెళ్దామని గడప అని కొట్టాను. లోపల ఏమున్నాయో చూపించమన్నాను. నా ఫోల్డర్ల పేర్లు రావాలి. వాటి బదులు ఫొటోల పేర్లు వచ్చాయి. నేనెన్నడూ చూడనివి.

నేను ఎక్కడున్నానో చెప్పమని మిషన్‌నే అడిగాను. దానికో చిన్న ఆదేశం ఉంది. పొడుగాటి దారి ఒకటి తెర మీదకి వచ్చింది. పాత డిస్కు. అందులో పైడమ్మ. అందులో పాత ఫోను. అందులో తమ్ముడు.

వదిన పాత డిస్కు ఆ పెట్టెలోనే బిగించి ఉందని తెలుసు. ఆవిడ పోయాక అందులోకి నేను వెళ్లలేదు. వెళ్లడానికి నాకు మనసొప్పలేదు.

ఒక ఫొటో తెరిచాను. నీళ్లు, మూలగా బోటు ముక్కు, దూరంగా ఒక కొండ. కొండ భుజం మీద నిలబెట్టినట్టు స్టీలు ప్లాంటు పొగగొట్టం. రెండో ఫొటోలో అదే బోటు ముక్కు, ఇంకోవైపు ఒడ్డు. తాటితోపుకి సరిగ్గా వెనక తెల్లటి గుడి గోపురం. ఇలాంటివే ఇంకొన్ని. మనుషులెవరూ లేరు. నాకేమీ అర్థం కాలేదు.

నూకరత్నం మాత్రం ఏడుపు ఆపేసింది. "ఇది మా బోటే అక్కా! ఆ పసుపు గీత నానే ఏసినాను." పల్లెకి ఫోన్ చేసి ఇయ్యమంది.

తెర మీది ఫొటోలని నా ఫోనుతో తీసి పల్లెకి పంపించాం. అక్కడ ఒడ్డున కూర్చున్న పెద్దాయన, నూకరత్నం వాళ్ల తాత, వాటిని ఒక్కొక్కటీ చూశాడు. తర్వాత అరిచిన అరుపు నాకు పక్కనుంచి కూడా వినిపించింది.

"ఏటే ఇది, దక్షిణం కదే! మనోళ్లందరూ ఉత్తరానికెల్లిపోనారు! అక్కడ నీటి కింద రాతిగట్టుందేటే? ఇన్నాళ్లూ దాసేసినాడే ఎదవ!"

ఆ గాబరాలో కూడా చేపలు చేరే గట్టు గురించి అడిగాడని తర్వాత నూకరత్నం ఎన్నిసార్లు నవ్విందో.

వాళ్లు సముద్రంలో చోటుని గుర్తుపెట్టుకునే తీరు అది. ఒకవైపు కొండా గొట్టమూ ఒకదాని మీద ఒకటి రావాలి, ఇంకోవైపు తోపూ గోపురమూ కలవాలి. ఆ రెండూ ఒకేసారి కలిసే చోటు సముద్రం మొత్తం మీద ఒక్కటే. రెండు బోట్లు అటు వెళ్లాయి. ఇంజను ఫ్యానుకి తెగిన వల చుట్టుకుని పాడైపోతే, లంగరు దింపుకుని వాళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. నీళ్లు ముందురోజే అయిపోయాయట. సోమేశుకి స్పృహ సరిగా లేదు. ఇంకో పూట గడిచి ఉంటే ఏమయ్యేదో తలుచుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించి ఇంటికి పంపారు. సింహాద్రి అప్పన్నకి ఆ రోజు నేను పెట్టుకున్న దండానికి లెక్క లేదు.

ఆ హడావుడిలో నేను కంప్యూటర్ కట్టేశాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది దానికే. ఆ తెర అలాగే ఉంచి ఉంటే ఏదైనా తెలిసేదేమో.

మళ్లీ వేసి గడప అని కొడితే ఇంటికే వెళ్లింది. మళ్లీ కొట్టాను. ఇంటికే.

అన్నయ్యకి చెబితే, కంగారులో నువ్వే వదిన డిస్కులోకి వెళ్లి ఉంటావన్నాడు. కానీ మనం కొట్టిన ప్రతి మాటా మిషన్ దాచిపెడుతుంది. ఆ పొద్దున నేను కొట్టినవి వరసగా అందులో ఉన్నాయి. గడప, తర్వాత లోపలేముందో చూపించమన్న ఆదేశం, తర్వాత ఎక్కడున్నానో చెప్పమన్న ఆదేశం. గడపకి ముందు ఉన్నది రెండు రోజుల కిందటి పని.

అన్నయ్యకి తెలిసిన కిరణ్ అనే కుర్రాడు రుషికొండ ఐటీ ఆఫీసులో చేస్తాడు. ఒక ఆదివారం వచ్చి, నేను పెట్టిన ఉప్మా చల్లారిపోయేదాకా ఆ మిషన్ ముందే కూర్చున్నాడు. వదిన రాసిన ఫైల్లో గడపకి ఎదురుగా నా సొంత ఫోల్డరు దారే, పూర్తిగా, అక్షరం పొల్లుపోకుండా ఉంది. ఆ ఫైలు వదిన ఉండగా మార్చిందే, తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. అదే మాటకి ఇంకోచోట వేరే దారి రాసి ఉందేమోనని వెతికాడు. లేదు. ఒక ఫోల్డరు ఇంకో ఫోల్డరుకి ముసుగులా ఉంటుందట, అదీ లేదు. పాత డిస్కు ఆ పొద్దున తెరుచుకున్నట్టు మాత్రం మిషన్ రాసుకుంది. కొన్నిసార్లు మిషన్ వేయగానే డిస్కు దానంతటదే తెరుచుకుంటుందని చెప్పాడు. మరి మిగతా రోజుల్లో ఎందుకు తెరుచుకోలేదని అడిగాను.

"బగ్గే అక్కా, డౌట్ లేదు. ఎక్కడుందో కనపడట్లేదంతే," అన్నాడు.

"కనపడనిదాన్ని నమ్ముతున్నావన్నమాట," అన్నాను.

"అబ్బా, మీతో పెట్టుకోకూడదక్కా," అని నవ్వి, ఉప్మా తినేసి వెళ్లాడు.

కోలుకున్నాక ఎల్లాజీ భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు. ఆ ఫొటోలు తానే తీసి అక్కకి పంపేవాడట. అక్క ఒక్కదానికే. "సముద్రం మీద ఏదైనా అయితే ఒక్కరికైనా తెలియాల కదా వదినా," అన్నాడు. అక్క పోయాక ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదట. వదిన వాటిని అక్కడ దాచిందని అతనికీ తెలియదు.

నూకరత్నం వాడిగా చూసింది. "ఇక మీదట ఎటెల్తన్నావో నాకు సెప్పకపోతే అన్నం క్యారేజీ ఇయ్యను."

"సెప్తే సేపలు పారిపోతాయే."

"పారిపోనీ. నువ్వు పారిపోకుండా ఉంటే సాలు."

అతను ఆమె చెవి దగ్గరకి వంగి ఏదో చెప్పాడు. నేను కావాలనే వంటింట్లోకి వెళ్లిపోయాను. వాళ్ల గట్టు వాళ్లది.

అప్పన్న దయ అనుకుని ఊరుకోవచ్చుగా అంటారు మా బంధువులు. దయేనని నాకూ తెలుసు. అయితే ఆ దయ ఏ దారిన వచ్చిందో చూడాలనిపించడం తప్పంటే ఒప్పుకోను. మిషన్ తప్పు చేసిందా? చేస్తే, అన్ని వేల ఫోల్డర్లలో ఆ ఒక్కదానికే ఎందుకు వెళ్లింది? నా వేళ్లు ఏదో చేశాయా? చేస్తే మిషన్ దాన్ని ఎందుకు రాసుకోలేదు? వదిన వచ్చి చేసిందని నేను అనను. ఆవిడే ఉంటే ముందు నవ్వి, ఆ తర్వాత నా పక్కన కూర్చుని ఒక్కొక్క ఫైలూ తెరిపించి ఉండేది. భయం నాకు ఆ రోజూ వేయలేదు, ఇప్పుడూ లేదు. కారణం మాత్రం ఇప్పటికీ తెలియదు. ఇది చదివినవాళ్లలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, సంతోషంగా ఒప్పుకుంటాను.

తెలియకపోయినా ఫరవాలేదు. మీ ఇంట్లో దీపం పెట్టుకునే వేళ, మీ వాళ్ల పేర్లన్నీ తలుచుకున్నాక, చివర్న మా పైడమ్మ వదిన పేరు కూడా ఒక్కసారి తలుచుకోండి.