నల్లాకు చుట్టిన తీగ

జానెడు రాగి తీగ ఎంత బరువుంటుంది? ముప్ఫై ఏళ్లకు పైగా దాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో నేను, మనవాళ్లు పనులకు వలసవచ్చిన కామాఠీపురలో వైర్‌మన్‌ని. మేమంతా ఒక్కో గదిలో అద్దెకుండే చాల్ కింది అంతస్తులో లారీ బ్యాటరీలు చార్జింగ్ చేసే దుకాణం తెరిచారు. పక్కనున్న నాగ్‌పాడా నుంచి నడుమెత్తు చార్జర్ తెచ్చారు. దానికి కరెంటు కలిపింది నేనే. ఇనుప పెట్టెకు ఎర్త్ తీగ కట్టాలి. లోపల ఏ తీగ ఒరుసుకుపోయి పెట్టెకు తగిలినా ఆ కరెంటు నేలలోకి పోవాలి. అందుకు గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, రాగి పలక పాతాలి. నాకు రాక కాదు. కొత్త గచ్చు పగలగొట్టాలంటే బద్ధకించాను. మా గల్లీల్లో అందరం చేసేదే చేశాను. తీగను నీళ్ల గొట్టానికి చుట్టేశాను. ఇనుప గొట్టం నేలలోకే పోతుంది కదా అని.

ఆ గొట్టం పోదు. కింద తుప్పు పట్టిన ముక్క తీసి, కరెంటు దాటని ప్లాస్టిక్ ముక్క అప్పటికే వేశారు. నేను చూడలేదని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. చూశాను.

అదే గొట్టం పైన మొదటి అంతస్తు నల్లాకు వెళ్తుంది. మేమంతా నీళ్లు పట్టుకునేది అక్కడే. కొన్ని నెలలకు, ఒక సాయంత్రం, పాలమూరు నుంచి తాపీ పనికి వచ్చిన ఎల్లమ్మ మెట్ల మీద నన్ను ఆపింది.

"అన్నా, నల్లా ముట్టుకుంటె చెయ్యి జివ్వుమంటున్నది. జర జూడు."

"తడి చేతులు గద చెల్లె, గట్లనే అనిపిస్తది. రేపు చూస్త తియ్."

"మర్చిపోకు అన్నా. పిల్లలు గూడ ముట్టుకుంటరు."

ఆమె ఆ మాట అనగానే ప్లాస్టిక్ ముక్క గుర్తుకొచ్చింది. అప్పుడే వెళ్లి ఎందుకు ఆపలేదు? దుకాణం వాడి ముందు తప్పు ఒప్పుకోవాలని, నా పనికి చెడ్డపేరొస్తుందని. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది. ఎంత వెతికినా దొరకలేదు.

మరునాడు పొద్దున నీళ్లొచ్చే వేళకు పైన కేకలు. ఎల్లమ్మ పడిపోయిందన్నారు. నేను ముందు ఆమె దగ్గరికి పోలేదు. దుకాణంలోకి పరుగెత్తాను. చార్జర్ స్విచ్ కట్టేశాను, తీగ విప్పి జేబులో పెట్టుకున్నాను, ఆ తర్వాతే మెట్లెక్కాను. అప్పటికే ఆమె పోయింది.

ఆడవాళ్లకు చీకట్లో కనబడాలని ఆమె భర్త బాలయ్య నల్లా పైన ఒక బల్బు పెట్టాడు. దాని తీగే నల్లాకు తగిలిందని అందరి కళ్లూ దాని మీద పడ్డాయి. పోలీసాయన నన్నే అడిగాడు, ఇక్కడి వైర్‌మన్‌వి కదా, ఈ బల్బు వల్లేనా అని. నేను బల్బు తీగ వైపు చూసి తలూపాను.

"నా చేతులతోనే సంపుకుంటినా అన్నా?" అన్నాడు బాలయ్య.

నోరు తెరవలేదు. ఆ తలూపడం కంటే ఆ మౌనమే నన్ను ఎక్కువ తింటోంది.

అతను ఊరికి వెళ్లిపోయాడు. చచ్చేదాకా తన ఇంట్లో కరెంటు పెట్టనివ్వలేదట. పోయిన ఏడాది కన్నుమూశాడని తెలిసింది. కాబట్టి ఇప్పుడు రాస్తున్నది ధైర్యమని అనుకోకండి.

బాలయ్య బల్బు ఏ పాపం ఎరగదు. ఎల్లమ్మను చంపింది నా తీగ. ఈ రెండు ముక్కలూ అతనికి చెప్పాల్సినవి. మీకు చెప్పాను. ఊపిరి కొంచెం ఆడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది.