మూసిన తలుపు వెనక రైలు

లైబ్రరీలో గుమస్తాగా చేసి రిటైరైన పెద్దాయన రోజూ సాయంత్రం గదికి గడియ వేసుకుని బొమ్మరైలు నడుపుకుంటాడనీ, చూస్తే అరిగిపోతుందన్నట్టు ఎవరినీ లోపలికి రానివ్వడనీ వీధిలో చెప్పుకుంటారు. "కూత మనకి, రైలు ఆయనకి" అని ఎదురింటామె నవ్వుతుంది. ఆ మాట ఆయన చెవిన పడకపోలేదు. కాఫీ తాగగానే బల్లమీది పట్టాలను పాత బనీను గుడ్డతో తుడుస్తాడు. ఎనిమిదో ఏట తండ్రి కొనిచ్చిన కీ ఇంజనూ, ఆ తర్వాత యాభై ఏళ్లుగా తన చేత్తో చేసుకున్న అగ్గిపెట్టెలంతేసి పెట్టెలూ పక్కనే వరసగా ఉంటాయి. ఒక్కో పెట్టెనూ రెండు వేళ్లతో ఎత్తి, ఊపిరి బిగబట్టి, చక్రాల అంచులు పట్టాల లోపలివైపు దిగేలా దించాలి.

ఆ రోజు మొదటి పెట్టె నాలుగుసార్లు పక్కకు ఒరిగిపోయింది. గోడవార కూర్చున్న భార్య, "ఇలా ఇవ్వండి, నేను పెడతాను" అంది.

"నువ్వు పెడితే నువ్వే నడుపుకో" అన్నాడు, కోపం లేకుండా.

"పోనీ చేతులు వణుకుతున్నాయని వీధిలోవాళ్లకి చెప్పెయ్యరాదూ?"

"చెబితే జాలిపడతారే. ఇప్పుడైతే తిట్టుకుంటున్నారు. అదే నయం."

తలుపవతల పిల్లల గుసగుసలు వినిపించాయి. ఆయన పెట్టెను బల్లమీద పడుకోబెట్టి, కుడిచేతిని ఎడంచేత్తో అదిమి పట్టుకుని, పెదవులు సున్నాలా చుట్టి పొడుగ్గా కూత వేశాడు. అవతల పిల్లలు కేరింతలు కొట్టారు.

ఆ గదిలో రైలు నడిచి ఏడాది దాటింది.