కింది ఇంట్లోకి నీళ్లు రావని చెప్పాను

ఈ బరువు ఏళ్ల తరబడి నాలోనే ఉండిపోయింది. మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది ఖమ్మంలో ఖానాపురం హవేలి. అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు. మా కింది ఫ్లాట్ అమ్మకానికి పెడితే చూడటానికి నాగమణి వచ్చింది. దుమ్ముగూడెం నుంచి బదిలీ మీద వచ్చిన నర్సు. మంచం దిగలేని తల్లి తప్ప ఆమెకు ఎవరూ లేరు.

తెలివైన పిల్ల. కాగితాలన్నీ వకీలుకు చూపించింది. అంతటితో ఊరుకోక, పెళ్లి సంబంధానికి వాకబు చేసినట్టు ఇంటింటికీ వెళ్లి అడిగింది. మిగతావాళ్లంతా కొత్తగా కిరాయికి దిగినవాళ్లు, వాళ్లకేం తెలుసు? చివరికి నా దగ్గర కూర్చుంది.

"కాగితాలల్ల అన్నీ మంచిగనే ఉన్నయక్కా. ఇంటి సంగతి మాత్రం పక్కోళ్లకే ఎరుక. గోదారి పొంగినప్పుడల్లా మా అమ్మను మంచంతోనే మోసుకొని ఉరికినం. ఈడ నీళ్లు రావు గదా?"

వస్తాయి. పెద్ద వాన పడితే వెనక కాలువ పొంగి ఆ ఇంట్లోకి మోకాలి దాకా వస్తాయి. కళ్లారా చూశాను.

"రావమ్మా. భయం లేదు, తీసుకో," అన్నాను.

ఎందుకన్నాను? అప్పటికి మా ఫ్లాట్ కూడా అమ్మాలని చూస్తున్నాం. నీళ్ల మాట బయటికి పొక్కితే మా గడప ఎవరు తొక్కుతారు? వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా అని లోపల నవ్వుకున్నాను కూడా. సంబంధాల వాకబులో ఎవరైనా మంచే చెబుతారు, అడిగినవాళ్లు అందులో సగం తీసేసే నమ్ముతారు. ఈ పిల్ల మాత్రం ఏమీ తీసేయకుండా నమ్మింది, అలా నమ్ముతుందని తెలిసే చెప్పానా? తెలిసే.

ఆ వానాకాలమే నీళ్లొచ్చాయి. నాగమణి డ్యూటీలో ఉంది. మేం కిందికి దిగేసరికి ఆ తల్లి తడిసిన పరుపు మీద, కేక కూడా వేయకుండా పడుకుని ఉంది. పైకి మోసుకొచ్చాం. జ్వరం తగ్గలేదు. దవాఖానాలోనే పోయింది.

నాగమణి ఆ ఇల్లు అమ్మాలని చూస్తూనే ఉంది. ఎవరొచ్చినా నీళ్ల సంగతి తనే ముందు చెబుతుంది, వాళ్లు వెళ్లిపోతారు. మొన్న ఒకాయన అలా వెళ్లాక, ఎందుకు చెబుతావని అడిగాను.

"చెప్పకుంటే ఎట్లక్కా? నువ్వు తెల్వక చెప్పినవ్. నేను తెలిసి ఎట్ల దాస్త?" అంది.

అప్పుడైనా నోరు తెరిచానా? లేదు. నిజం చెబితే ఆమెకు అక్కా అని పిలవడానికి కూడా మనిషి ఉండదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ఆ పిలుపు లేకుండా ఉండలేనిది నేను.

నాగమణీ, నాకు తెలుసు. నువ్వు అడిగిన రోజే తెలుసు. నీకు చెప్పలేని ఈ మాట ఇక్కడ అనేశాను. కాస్త ఊపిరాడుతోంది, అంతకుమించి ఏమీ లేదు.